ముప్పై ఒకటో మడి మీద రాత్రి

అరవయ్యెనిమిది ఊరి విత్తన సంఘం పెద్దలకు, ముప్పై ఒకటో మడి తరఫున బర్రి దాసు సాష్టాంగపడి రాసుకొనేది.

ముందుగా క్షమాపణలు. సముద్రం మా పాత ఊరిని మింగినందుకు క్షమించండి. అప్పటికి నాకు మూడేళ్లే. అయినా ఒడ్డున కూర్చుని దాని మొహాన ఇసుక విసిరిన మాట వాస్తవం. అది మనసులో పెట్టుకుని ఉంటుంది. మనమంతా ఇంత ఉత్తరానికి వచ్చి పడ్డాక, పేరు పెట్టే ఓపిక ఎవరికీ లేక, పటం మీది అరవయ్యెనిమిదో గీత నంబరే ఊరి పేరుగా మిగిలినందుకు క్షమించండి. ఇక్కడి మంచు కరిగిపోయినందుకు మరీ మరీ క్షమించండి. నేను మంచు ఇంజనీరింగులో పట్టభద్రుణ్ణి. కాలేజీలో చేరిన ఏడు మంచు ఉంది, పట్టా చేతికొచ్చేసరికి లేదు. నా హాజరు సరిగా లేకపోవడమే కారణమని మాస్టారు కూడా అనుమానించారు. వేసవంతా సూర్యుడు సిగ్గు విడిచి గుంకకుండా ఆకాశంలోనే తిరుగుతున్నందుకు, దోమలు పిచ్చుకలంత ఉన్నందుకు, వాటికి నా రక్తమే నచ్చినందుకు కూడా నన్నే మన్నించాలి.

ఈ ఏడు మా మడిలో గోంగూర గింజ కట్టలేదు. ఎందుకో తేల్చడానికి మడి పుస్తకం పంపమన్నారు. అందులోంచి పనికొచ్చే రోజులు ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను. అక్షరదోషాలు మాత్రం దిద్దాను. చివర ఒక మాట కలిపాను.

వేసవి 1వ రోజు

డబ్బాల్లో పెంచిన మొలకలు మడికి చేరాయి. ఇరవై తొమ్మిది.

గున్నమ్మత్త, అంటే మా నాన్న అక్క, పాత ఊరినుంచి వచ్చేటప్పుడు రవిక అంచులో కుట్టుకుని తెచ్చిన గోంగూర ఇది. ఏటా మడిలో వేసి, గుప్పెడు గింజ తీసి, మరుసటేడు మళ్లీ వేసేది. గత మూడేళ్లూ చలిగాలి ముందే వచ్చి కాయలు పాలు పోసుకోకముందే నల్లబడ్డాయి. నాలుగేళ్ల నాటి గింజలు నలభై ఆరు మిగిలితే అన్నీ నానబెట్టింది. పదిహేడు లేవలేదు. ఇప్పుడు డబ్బాలో ఏమీ లేదు. ఊళ్లో మరెవరి దగ్గరా లేదు. ఈ ఇరవై తొమ్మిదీ గింజ కట్టకపోతే గోంగూర కథ ఇక్కడితో సరి. వరుసగా నాలుగేళ్లు గింజ తిరిగివ్వని మడిని సంఘం బార్లీకి ఇచ్చేస్తుంది కాబట్టి మడి కథ కూడా సరి.

అత్త ఒక్కో మొలకనూ రెండు చేతులతో పట్టుకుని, పురుడు పోస్తున్నట్టు దించింది.

"ఒరే దాసూ, ఒక్క ఆకు గిల్లినావంటే నీ సెయ్యి నేదనుకో."

"పచ్చడికి కాదత్తా. వాసన చూద్దామని."

"అలాగైతే ముక్కు నేదనుకో."

అమ్మా నాన్నా నిన్ననే నాచు పడవ ఎక్కారు. వేసవంతా నడిసముద్రంలో నాచు కోస్తేనే చలికాలం తిండి. ఇంట్లో మిగిలింది అత్త, ఎనభై ఒక్కేళ్ల తవిటయ్య తాత, పదకొండేళ్ల చెల్లి హిమ, మంచు లేని మంచు ఇంజనీరు.

వేసవి 6వ రోజు

నేటి నుంచి రాత్రి వెయ్యాలి.

గోంగూర మన మనిషి. చీకటి చూడందే మొగ్గ తొడగదు. ఇక్కడ వేసవిలో చీకటి పుట్టదు కాబట్టి మనమే పుట్టించాలి. మడి మీద వంచిన పైపులు, వాటి మీద మందపాటి నల్ల పరదా. సాయంత్రం నాలుగు గంట కొట్టగానే కప్పాలి, పొద్దున ఆరు గంట కొట్టగానే తీయాలి. నాలుగింటికి వీధిలో ఎవరెదురైనా "రాత్రేసీసినారా?" అనే పలకరింపు. బాగున్నారా అని అడిగేవాళ్లు తగ్గిపోయారు, జవాబు అందరికీ తెలుసు కాబట్టి.

మా ఇంట్లో రాత్రి వేసే ఉద్యోగం నాది. చదువుకున్నవాడికి చేయగలిగిన పని ఇదొక్కటే అని అత్త నిర్ణయం. ఐదింటికి ఆమె హిమను వెంటబెట్టుకుని నాచు ఎండబెట్టే షెడ్డుకు పోతుంది, తొమ్మిదింటికి వస్తుంది. ఈలోగా తాతకూ రాత్రికీ నేనే కాపలా.

పరదా అంచుల మీద రాళ్లు పెడుతుంటే హిమ అడిగింది.

"అన్నియ్యా, మద్దిలో కాసింత ఎలుగు పడితే ఏటవుతాది?"

నేను గొంతు సవరించుకున్నాను. "మొక్క లెక్కపెట్టేది వెలుగుని కాదమ్మా, చీకటిని. అదీ ఏకబిగిన ఉండాలి. మధ్యలో దీపమంత వెలుగు పడినా చాలు, దాని లెక్క తప్పుతుంది. రాత్రి అవలేదనుకుంటుంది. మొగ్గ వెయ్యదు."

"దానికి బుర్రున్నాదేటి?"

"నీకంటే ఉంది."

రాయి తీసి నా కాలి మీద వేసింది. ఈ రోజు గాయాలు: ఒకటి.

తాత నిద్రపోయి వారమైంది. కిటికీలకు దుప్పట్లు మేకులతో కొట్టాం, సందుల్లో చింకి గుడ్డలు కుక్కాం. అయినా వెలుగు ఎక్కడి నుంచో వచ్చి ఆయన రెప్పల మీద కూర్చుంటుంది. గాలి ఆడక కూర్చునే కునుకుతాడు. ఆసుపత్రి నర్సు నాడి చూసి, నన్ను బయటికి పిలిచి, చలికాలం దాకా కష్టమని చెప్పింది. లోపలి నుంచి తాత అరిచాడు.

"ఏ సలికాలమో అడగరా! ఇక్కడ ఏడాదికి మూడున్నాయి!"

వేసవి 13వ రోజు

ఆదివారం. వనభోజనాలు. ఇవి కార్తీకంలో చెయ్యాలి, కానీ ఇక్కడ కార్తీకంలో బయట భోంచేస్తే ముద్ద నోటికి చేరేలోపు రాయవుతుంది. అందుకని ఊరు మొత్తం వేసవికి మార్చుకుంది. దేవుడికి ఉత్తరం రాశామంటారు, జవాబు రాలేదట.

తాతను మూడు చక్రాల తోపుడు బండిలో కూర్చోబెట్టి మంచుకొండ దాకా తీసుకెళ్లాం. అక్కడ ఒక బోర్డు ఉంది: "ఇక్కడి నుంచి మంచు నది చూడవచ్చు." చూశాం. కంకర ఉంది. నా డిగ్రీకి నివాళిగా ఒక నిమిషం మౌనం పాటించమని కోరాను. హిమ పావు నిమిషం పాటించింది.

వనభోజనమంటే చెట్టు కింద తినాలి. ఇక్కడి చెట్టు నా మోకాలి ఎత్తు. కింద కూర్చోవాలంటే ముందు పడుకోవాలి. పందొమ్మిదేళ్లుగా మన ఊరివాళ్లు చేస్తున్నదే మేమూ చేశాం. బోర్లా పడుకుని, తలలు కొమ్మల కిందికి దూర్చి, నాచు పప్పూ బంగాళాదుంప ముద్దా తిన్నాం. ఆచారం చెడలేదు, అన్నం అరగలేదు. తాత ఒక్కడే వెల్లకిలా పడుకున్నాడు. తెల్లని ఆకాశంలోకి చూస్తూ ఉన్నాడు.

"ఏటి సూస్తన్నావు నాన్నా?" అంది అత్త.

"తేలు."

హిమ గభాలున లేచింది. తాత నవ్వాడు, నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"నేల మీది తేలు కాదొలే. సుక్కల తేలు. ఏసంగిలో మన దచ్చిణం మీద లేస్తాది. ఎర్ర గుండెకాయ, ఎనకాల ఇంత పొడుగు తోక. తెప్ప మీద ఒక్కణ్నీ ఉంటే అదే తోడు. తోక నీళ్లల్లోంచి పైకి తీసిందా, ఇక వల లాగీసి ఇంటికి తిరగాల."

"చలికాలంలో ఇక్కడ రోజంతా చుక్కలే కదా తాతా," అన్నాను.

"ఈటిలో తేలు నేదురా. ఇక్కడికి అది లెగదు. భూమి అంచు కిందే ఉండిపోతాది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "పందొమ్మిదేళ్లయినాది సూసి. మళ్లీ ఒక్క రాత్రి దొరికితే బాగున్ను."

"గంజి అడుగు నాన్నా, ఇస్తాను. సుక్కలు నానెక్కడ తెత్తాను?" అని అత్త గిన్నెలు సర్దేసింది. గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేశాయి.

వేసవి 15వ రోజు

పనిముట్ల పెట్టెలో రెండంగుళాల మేకు ఒకటి కనబడలేదు. హిమ దాచుకున్న మిఠాయి కాగితాల్లో ఎర్రది మాయమైంది. రెండూ మొండితోక ఎలుకల పనేనని ప్రాథమిక విచారణలో తేలింది. విచారణాధికారి నేనే.

తాత నిన్న సాయంత్రం రెండు గంటలు నిద్రపోయాడు. ఈ రోజూ రెండు గంటలు. మడి పుస్తకంలో మనుషుల నిద్రకు గడి లేదు. అంచున రాస్తున్నాను.

వేసవి 24వ రోజు

గోంగూర నా నడుము దాకా వచ్చింది. కాడలు ఎర్రగా, ఆకు అరచేయంత. అత్త దాని పక్క నుంచి నడిచేటప్పుడు కొంగు బిగించుకుంటుంది, ఆకుకు తగిలితే రాలుతుందేమోనని. హిమ ముక్కు మాత్రం దగ్గరగా పెట్టి, నోట్లో నీళ్లు మింగుతూ కూర్చుంటుంది. చట్టప్రకారం అది నేరం కాదు.

పక్కనున్న ముప్పై రెండో మడి సూరపనాయుడు గారు షెడ్డుకు కొత్త రేకు వేయించారు. ఊళ్లో అందరి పొయ్యిలూ కుంపట్లూ ఆయనే బాగుచేస్తారు. వానకు సామాను తుప్పు పడుతోందని రేకు. మెరిసిపోతోంది.

"సెల్లీ, నీ మొహం సూసుకోడానికి అద్దం కొనక్కర్నేదిక," అన్నారు గట్టు మీది నుంచి.

"నా మొహం సూసుకుని పదేళ్లయినాదన్నియ్యా. ఇంకెందుకు దిగులు?" అంది అత్త. ఇద్దరూ నవ్వారు. ఆయనది మా పాత ఊరే. ఇక్కడికొచ్చిన తొలి చలికాలం మాకు పొయ్యి లేకపోతే, తన పొయ్యిని రెండుగా కోసి సగం మాకు ఇచ్చిన మనిషి. ఆ సగంపొయ్యి మీదే ఇప్పటికీ మా వంట.

వేసవి 33వ రోజు

మొగ్గ లేదు.

ఈపాటికి కణుపు దగ్గర గోరంత రావాలి. హిమను పంపి ఇరవై తొమ్మిదీ వెతికించింది అత్త. తర్వాత తనే కళ్లద్దాలు పెట్టుకుని వెతికింది. తర్వాత హిమను మళ్లీ పంపింది.

పరదా ఎలుకలు కొరికి ఉంటాయని అత్త అనుమానం. అంచులన్నీ తడిమి చూసింది, రెండు చోట్ల కాస్త చీకి ఉంటే కుట్టింది. నన్ను సర్వసేనానిగా నియమించింది. ఎనిమిది బోనులు పెట్టాను. యుద్ధంలో మా వైపు నష్టం: నా బొటనవేలు. అటువైపు: సున్నా.

నల్ల టేపు చుట్ట అయిపోయింది.

వేసవి 38వ రోజు

మొగ్గ లేదు.

అత్త ఈ రోజు నాచు షెడ్డు పని మానేసి, నాలుగు గంట కొట్టాక పరదా కిందికి స్వయంగా దూరింది. లోపల కూర్చుని చీకటి పరీక్షిస్తానంది. గాలి చల్లగా ఉందని నేను ముందే పరదా మీద పాత బొంత ఒకటి కప్పి ఉంచాను. అరగంట తర్వాత మోకాళ్ల మీద బయటికొచ్చింది.

"సీకటి కాటికలాగున్నాది. మరెందుకెయ్యదు?"

జోకు దొరకని సందర్భాలు నా జీవితంలో తక్కువ. ఇదొకటి.

ఆమె నడుము నిటారుగా చేస్తూ చుట్టూ చూసింది. చూపు సూరపనాయుడు గారి రేకు మీద ఆగింది. ఎండ దాని మీద పడి మా మడి అంచున తెల్లగా ఊగుతోంది.

వేసవి 41వ రోజు

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఆ రేకు తీసీ అన్నియ్యా."

"తీసీస్తే సామానంతా తడిసిపోతాది సెల్లీ. తారు పూస్తానుండు, మెరవదు."

"ఎప్పుడు పూస్తావు? నా మొక్కలు ముసిలైపోయినాకా?"

"తారు రావాల కదా. పడవ రాగానే..."

"నీ రేకెలుగు నా పరదా కింద నుంచి దూరతన్నాది. తెలిసే ఏసినావు. నీ గోంగూర పోయి ఆరేళ్లయినాది, నాదుంటే నీకు కళ్లు కుట్టినాయి."

సూరపనాయుడు గారు చేతిలోని సుత్తి గట్టు మీద పెట్టారు. "ఏటన్నావు గున్నమ్మా?"

"ఇన్నదే అన్నాను."

"సగంపొయ్యి ఇచ్చినోడిని."

"అయితే పట్టుకుపో నీ పొయ్యి!"

ఆయన పట్టుకుపోలేదు. సుత్తి కూడా అక్కడే మర్చిపోయి వెళ్లిపోయారు. అత్త సాయంత్రం సంఘానికి ఫిర్యాదు రాయమంది. చదువుకున్నవాణ్ణి కాబట్టి నేనే రాశాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. చేతిరాత బాగా వచ్చిందని ఆమె మెచ్చుకుంది.

తాత మంచం మీది నుంచి అంతా విన్నాడు. ఆమె పక్కకి పోయాక నా మొహంలోకి చూశాడు. నేను తాతకు మంచినీళ్లు తేవడానికి వెళ్లాను. ఆయన అడగలేదు.

వేసవి 47వ రోజు

తవిటయ్య తాత పోయాడు. పొద్దున తొమ్మిదింటికి, ఎండలో.

నిన్న సాయంత్రం బాగా నిద్రపోయాడు. లేచాక, "తోక పైకొచ్చీసిందిరా. ఇంక వల లాగీడమే," అన్నాడు. మాటలు తెలివిగానే ఉన్నాయి.

అత్త ఏడుస్తూనే నాలుగింటికి నన్ను గదిమింది. "ఎల్లు, రాత్రెయ్యి. మొక్కలకేటి తెలుసు?" వెళ్లి వేశాను.

వేసవి 50వ రోజు

అమ్మా నాన్నా మూడు రోజులకు చేరారు. పడవ అంతకంటే వేగం పోదు. అప్పటిదాకా తాతను ఊరి చల్లగదిలో ఉంచాం. నాన్న ఏడవలేదు. తాత మంచం కింది చెప్పులు తీసి, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టాడు.

దహనానికి కట్టెలు లేని ఊరు ఇది. మోకాలెత్తు చెట్లతో ఎవరి చితి పేరుస్తాం? అందుకని నీళ్లకే అప్పగిస్తాం. అందరం కలిసి ఒడ్డుకు వెళ్లాం. ఈ వేసవిలో కుటుంబమంతా కలిసి వెళ్లిన ఒకే ఒక్క షికారు ఇది. హిమ దారిపొడవునా దోమలు తోలింది, తాతను కుట్టకుండా.

సూరపనాయుడు గారు దూరంగా, టోపీ తీసి నిలబడ్డారు. అందరికంటే ముందు ఆయనే నీళ్లలో దిగాల్సిన మనిషి. అత్త అటు చూడలేదు. అత్త చూడలేదని ఆయన దగ్గరికి రాలేదు.

వేసవి 57వ రోజు

సంఘం ఇన్‌స్పెక్టరు సుగుణాకరం గారు వచ్చారు. ఇరవై తొమ్మిది మొక్కల్నీ కణుపు కణుపూ చూశారు. ఆకు అద్భుతమన్నారు. అత్త ఆకు సంగతి వద్దంది.

"రాత్రి తెగింది," అన్నారాయన. "ఎక్కడి నుంచో రోజూ వెలుగు తగిలింది. యాభయ్యో రోజు లోపు సరిచేసి ఉంటే ఆలస్యంగానైనా కొన్ని మొగ్గలొచ్చేవి. ఇప్పుడిక లాభం లేదు."

పరదా చూపించమన్నారు. మడి పక్కన గట్టిగా చుట్టి, తాళ్లతో కట్టి ఉంది. విప్పబోతే వాన మొదలైంది. ఆయన గొడుగు తెచ్చుకోలేదు. గట్టు మీది నుంచే రేకు వైపు చూసి, కొలతలు రాసుకుని, అత్త ఫిర్యాదు మీద సంతకం చేసి వెళ్లిపోయారు.

షెడ్డు పడగొట్టాలనీ, పక్క మడికి వెలుగు చేసినందుకు ముప్పై రెండో మడి కూడా వదులుకోవాలనీ సూరపనాయుడు గారికి కాగితం రాబోతోందట. షెడ్డు పోతే ఆయనకు పని లేదు. మడి పోతే తిండి లేదు. అరవై నాలుగేళ్ల ఒంటరి మనిషిని నాచు పడవకు పంపుతారు.

వేసవి 64వ రోజు

రేపు మంచుగాలి అని హెచ్చరిక. అత్త ఈ ఉదయం బుట్ట తెచ్చి, మొదటి మొక్క దగ్గర నిలబడి, కణుపులన్నీ మరోసారి వెతికింది. తర్వాత ఆకు కోసింది. అరవై నాలుగు రోజుల్లో మొదటి ఆకు. ఆ తర్వాత ఆగకుండా ఇరవై తొమ్మిదీ కోసేసింది, కోడి ఈకలు పీకినట్టు.

సగంపొయ్యి మీద పచ్చడి చేసింది. ఇల్లంతా వాసన. అమ్మ ముద్ద కలిపి హిమకు పెట్టింది. హిమ కళ్లు మూసుకుని నమిలింది. మొదటి ముద్ద పులుపుకు దవడ లాగి, కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ తర్వాతి నీళ్లు పులుపువి కావు.

"మళ్లీ ఏడాది?" అంది.

అమ్మ ఇంకో ముద్ద కలిపింది.

అత్త అలవాటుగా ఒక గిన్నెలోకి పచ్చడి తీసి మూత పెట్టింది. ఏ కూర వండినా ఆ గిన్నె గట్టు దాటి సూరపనాయుడు గారింటికి పోవాలి, పందొమ్మిదేళ్ల అలవాటు. గుమ్మం దాకా వెళ్లి, అక్కడ గుర్తొచ్చి, ఆగింది. వెనక్కి వచ్చి పచ్చడి మళ్లీ జాడీలో వేసి, గిన్నె కడిగేసింది.

చివరి మాట

పెద్దలారా, మొదట కోరిన క్షమాపణల్లో ఒక్కటీ నాకు చెందదు. సముద్రాన్ని నేను పొంగించలేదు, మంచును కరిగించలేదు. సూర్యుడి సంగతి ఆయన్నే అడగాలి. సూరపనాయుడు గారి రేకు కూడా ఏ పాపమూ ఎరగదు. దాని వెలుగు మా పరదా అంచు దాకా వచ్చి అక్కడే ఆగింది. నేను చేసింది వేరే.

పద్నాలుగో రోజు సాయంత్రం, అత్తా హిమా నాచు షెడ్డుకు పోయాక, తాతను ఎత్తుకుని పరదా కిందికి చేర్చాను. సాళ్ల మధ్య చాప వేసి పడుకోబెట్టాను. ఊళ్లో ఆ గంటలో చీకటి ఉన్న చోటు మడి ఒక్కటే. ఆయన కళ్లు తెరిచి పడుకున్నాడు. ఊపిరి మెల్లగా కుదుటపడింది. "రాత్రి వాసనొస్తన్నాదిరా," అన్నాడు. పరదా వైపు చూసి, "సుక్కలే నేవు," అన్నాడు.

మేకు తెచ్చాను. ఆయన లోపలి నుంచి చేతికర్రతో పరదాను పొడిచేవాడు. బయట ఎక్కడ ఉబ్బితే అక్కడ, కర్ర తీశాక, సుత్తి పెట్టి మేకు దించేవాణ్ణి. తలకు మూడు. గుండెకాయ ఒకటి. దాని మీద హిమ మిఠాయి కాగితం ముక్క అతికించాను, ఎర్రగా ఉంటుందని. ఆ తర్వాత తోక, వంపు తిరిగి పైకి లేచేదాకా. మొత్తం పదిహేను చిల్లులు. నేనూ లోపలికి దూరి పక్కన పడుకున్నాను. గోంగూర ఆకుల మధ్య నుంచి తేలు కనబడింది. నేను అంతకు ముందు దాన్ని చూడలేదు. తాత రెండు గంటలు నిద్రపోయాడు.

ముప్పై మూడు రోజులు అలాగే గడిచాయి. మొదట్లో, అత్త తిరిగొచ్చేలోపు తాతను ఇంటికి చేర్చి చిల్లుల మీద నల్ల టేపు ముక్కలు అతికించేవాణ్ణి. రోజూ పీకి, రోజూ అతికించి, బంక పోయింది. చుట్ట అయిపోయింది. ఇంకోటి అడిగితే ఎందుకని అడుగుతుంది. తెరిచే వదిలేశాను. అత్త లోపలికి దూరిన రోజున బొంత కప్పింది చలికి కాదు. ఎలుకల మీద నేను ప్రకటించిన యుద్ధంలో ఎలుకలకు సంబంధం లేదు.

తెలియక చేశానని రాస్తే శిక్ష తగ్గుతుందని హిమ సలహా. నిన్ననే దానికి చెప్పాను. కానీ ఆరో రోజు ఆ పిల్లకు నేనేం పాఠం చెప్పానో మీరు పైన చదివారు. తెలిసే చేశాను. ఏకబిగిన చీకటి కావాలని తెలుసు, అవి ఆఖరి మొక్కలని తెలుసు, అత్త రోజూ వెతికే మొగ్గ ఎందుకు రాదో తెలుసు. నలభై ఒకటో రోజున, తెలిసే, ఇంకొకరి మీద ఫిర్యాదు మంచి చేతిరాతతో రాశాను. తాత పోయాక మూడు రోజులు గడువుందని మీ ఇన్‌స్పెక్టరు మాటలనుబట్టి ఇప్పుడు లెక్క తేలుతోంది. ఆ మూడు రోజులూ, ఆ తర్వాత ఇంకో ఆరు రోజులూ, నేనొక్కణ్ణే లోపల పడుకున్నాను. మూయడానికి చెయ్యి రాలేదు.

కాబట్టి షెడ్డు పడగొట్టకండి. ముప్పై రెండో మడి ఆయనకే ఉంచండి. నాచు పడవలో ఆ చోటుకు నా పేరు రాసుకోండి. ఈ కాగితం మీకు పంపేముందు అత్తకు చదివి వినిపిస్తాను. ఆ శిక్ష మీరు వేసేదానికంటే పెద్దది, అది ఆమె చేతిలోనే ఉంది. పరదా మడి పక్కన చుట్టి ఉంది, విప్పి ఎండకేసి పట్టుకుంటే మీకూ కనబడుతుంది.

తోక చివరి చుక్క మిగతావాటికంటే పెద్దదిగా ఉంటుంది. సుత్తి జారి మేకు ఎక్కువ దిగింది. తాత కింద నుంచి చూసి, "అంత ఉండదురా అది," అన్నాడు. టేపు వేసి మూసేస్తానన్నాను. ఆయన దాన్ని ఇంకాసేపు చూశాడు.

"ఒద్దురా. ఉంచీ," అన్నాడు.

ఉంచాను.